ఇస్లామీయ తత్వశాస్త్రంలో ఆత్మ - మానసిక ఆరోగ్యం

ఇస్లామీయ తత్వశాస్త్రంలో ఆత్మను సూచించుటకు ముఖ్యంగా రెండు అరబ్బీ పదాలు వాడుకలో ఉన్నాయి. అవి నఫ్స్, రూహ్. నఫ్స్ అనగా 'తాను', ప్రాణి, మనస్సు అనే అర్థాలు గలవు. రూహ్ అనగా ఊపిరి, జీవశక్తి, దైవాజ్ఞతో మానవునిలో ప్రవేశించిన చైతన్యం. ఈ రెండు పదాల చుట్టూ క్రీ.శ. 9వ శతాబ్దం నుండి 17వ శతాబ్దం వరకు బల్ఖ్, బాగ్దాదు, కార్డోబా, షీరాజు వంటి నగరాలలో విస్తారమైన చర్చ జరిగింది. ఆ చర్చలో పాల్గొన్నవారిలో చాలామంది వైద్యులు కూడా కావడం వలన ఆత్మను గురించిన తత్వము, మనోవ్యాధుల చికిత్స ఒకదానితో ఒకటి పెనవేసుకొని పెరిగాయి.

ఆ గ్రంథాలలో కొన్ని ముఖ్యమైనవి అచ్చయినది హైదరాబాదులో. అదే నగరపు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో నేడు ఒక కుటుంబంలో పిల్లవాడు తిండి మాని, నిద్ర మాని, మాట మాని కూర్చుంటే "ఇది ఈమాన్ (విశ్వాసం) తగ్గడమా, గాలి సోకడమా, జబ్బా?" అనే ప్రశ్న తలెత్తుతుంది. ఇస్లామీయ తత్వవేత్తలు ఈ ప్రశ్నను వెయ్యేళ్ళ క్రితమే ఎదుర్కొన్నారు. ఆత్మ ఉన్నదని గట్టిగా నమ్మినవారే మనోవ్యాధిని వ్యాధిగా గుర్తించి మందు చెప్పారన్నది ఈ విషయంలో అన్నిటికంటే గమనించదగినది.

పదాలు, అర్థాలు

ఇమామ్ గజాలీ (1058-1111) తన బృహద్గ్రంథమైన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో హృదయాన్ని గూర్చిన భాగాన్ని నాలుగు పదాల వివరణతో ప్రారంభించాడు. అవి ఖల్బ్ (హృదయం), రూహ్, నఫ్స్, అఖ్ల్ (బుద్ధి). ప్రతి పదానికి రెండేసి అర్థాలు ఉన్నాయని, ఒకటి శరీరానికి సంబంధించినదైతే రెండవది కంటికి కనబడని సూక్ష్మ తత్వానికి సంబంధించినదని అతడు వివరించాడు. ఖల్బ్ అనగా రొమ్ములో ఎడమవైపున ఉండే మాంసపు ముద్ద. అది పశువుకు కూడా ఉన్నది. మనిషిలో తెలుసుకొనేది, బాధపడేది, బాధ్యత వహించేది కూడా ఖల్బే. ఈ రెండవ అర్థంలో నాలుగు పదాలూ ఒకే వస్తువును సూచిస్తాయని గజాలీ అభిప్రాయం.

ఖల్బ్‌కు పారశీకంలోను ఉర్దూలోను సాటి పదం 'దిల్'. దిల్‌సుఖ్‌నగర్ పేరులోని దిల్ ఇదే. అయితే ఆ పేరు హృదయసుఖాన్ని ఉద్దేశించి పెట్టినది కాదు, అక్కడి భూములకు యజమాని అయిన దిల్‌సుఖ్ రామ్ పేరు మీదుగా వచ్చినదని చెబుతారు.

తెలుగులో నఫ్స్, రూహ్ రెండింటినీ 'ఆత్మ' అనే అనువదిస్తున్నారు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. అద్వైత వేదాంతంలోని ఆత్మ పుట్టుక లేనిది, బ్రహ్మమునకు భిన్నము కానిది. ఇస్లాంలో ఆత్మ దేవుని సృష్టి. దానికి ఆరంభం ఉన్నది, పునర్జన్మ లేదు, తీర్పు దినమున అది జవాబు చెప్పవలసి ఉంటుంది. కావున పాఠకులు 'ఆత్మ' అనే మాట చూడగానే ఉపనిషత్తుల అర్థాన్ని ఇక్కడకు తీసుకురాకూడదు. వ్యావహారికంలో 'మనసు' అనే మాట కొన్నిచోట్ల నఫ్స్‌కు ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

ఉర్దూలో మనస్తత్వ శాస్త్రాన్ని 'నఫ్సియాత్' అంటారు. ఆంగ్లంలోని సైకాలజీ గ్రీకు భాషలో ఆత్మను సూచించే 'సైకే' నుండి వచ్చినట్లే ఇది నఫ్స్ నుండి వచ్చింది. శాస్త్రం ఆత్మను చర్చించడం మానివేసినా పేరులో మాత్రం ఆత్మ మిగిలిపోయింది.

ఖురాన్‌లో

ఖురాన్ నఫ్స్ యొక్క మూడు స్థితులను పేర్కొన్నది. చెడుకు పురికొల్పునది (నఫ్సె అమ్మారా, 12వ సూరా), తన్ను తాను నిందించుకొనునది (నఫ్సె లవ్వామా, 75వ సూరా), ప్రశాంతి పొందినది (నఫ్సె ముత్మయిన్నా, 89వ సూరా). ఇవి మూడు ఆత్మలు కావు, ఒకే ఆత్మ యొక్క మూడు దశలు అని వ్యాఖ్యాతలలో అధికులు చెబుతారు. రూహ్ విషయంలో ఖురాన్ మితంగా మాట్లాడుతుంది. అది ప్రభువు ఆజ్ఞకు సంబంధించినదని, దానిని గురించి మానవులకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమని 17వ సూరాలో ఉన్నది. ఈ వాక్యాన్ని ఆధారం చేసుకొని కొందరు పండితులు ఆత్మ చర్చయే కూడదన్నారు. తత్వవేత్తలు మాత్రం స్వల్పమైనా ఇవ్వబడినది కదా అని చర్చించారు.

తత్వవేత్తల సిద్ధాంతాలు

అరబ్బుల తొలి తత్వవేత్తగా పేరుగాంచిన అల్ కిందీ (9వ శతాబ్దం) దుఃఖాన్ని పోగొట్టుకొను ఉపాయాలపై ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. ప్రియమైనది పోవుట, కోరినది దొరకకుండుట వలన కలిగే ఆత్మ బాధయే దుఃఖమని అతని నిర్వచనం. వైద్యుడైన అబూబక్ర్ రాజీ (మరణం 925) 'అత్తిబ్ అర్రూహానీ', అనగా 'ఆత్మవైద్యం' అనే పేరుతో కోపం, అసూయ, దుఃఖం, మృత్యుభయం వంటి వాటిపై ఒక పుస్తకం వ్రాశాడు.

ఇబ్న్ సీనా (980-1037, ఐరోపావారికి అవిసెన్నా) ఆత్మ సిద్ధాంతానికి కేంద్ర స్థానం గలవాడు. అరిస్టాటిల్‌ను అనుసరించి ఆత్మకు మూడు స్థాయిలు చెప్పాడు. పెరుగుదల, పోషణ చూచే వృక్ష సంబంధమైన ఆత్మ. కదలిక, ఇంద్రియ జ్ఞానం గల జంతు సంబంధమైన ఆత్మ. ఆలోచన గల మానవ ఆత్మ. అరిస్టాటిల్ నుండి అతడు విడిపోయే చోటు 'గాలిలో తేలే మనిషి' అనే ఊహా ప్రయోగం. ఒక మనిషి ఒక్కసారిగా పూర్ణరూపంలో సృష్టించబడి, శూన్యంలో తేలుతూ, కళ్ళు మూయబడి, చేతులు కాళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఉన్నాడనుకొందాం. అతనికి తన శరీరం తెలియదు, లోకం తెలియదు. అయినను 'నేను ఉన్నాను' అని తెలుస్తుందని ఇబ్న్ సీనా వాదన. కావున ఆ 'నేను' శరీరం కాదు. ఇది డెకార్ట్ కంటే ఆరు వందల సంవత్సరాలు ముందటి మాట.

ఇంతటి ఆత్మవాది అయిన ఇబ్న్ సీనా ఊహ, జ్ఞాపకం, శంక వంటి అంతరేంద్రియాలను మెదడులోని వేర్వేరు గదులలో ఉంచాడు. మెదడులో ఒక భాగం దెబ్బతింటే ఆ శక్తి దెబ్బతింటుంది. ఆత్మ నశించదు కాని దాని పనిముట్టు పాడవుతుంది. మరొకవైపు మనసు శరీరంపై పనిచేయగలదని చూపుటకు అతడు ఒక చక్కని ఉదాహరణ ఇచ్చాడు. నేలపై పరచిన పలక మీద ఎవరైనా నడుస్తారు. అదే పలకను లోతైన అగాధం మీద వంతెనగా వేస్తే పడిపోతాననే ఊహ ఎంత బలంగా ఉంటుందంటే కాళ్ళు ఆ ఊహకే లోబడతాయి. పలక మారలేదు, కాళ్ళు మారలేదు, మారినది ఊహ మాత్రమే. నేడు భయ రుగ్మతలను (ఫోబియా) వివరించుటకు ఇంతకన్న తేలికైన ఉదాహరణ తరగతి గదిలో దొరకదు.

అతని వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో మెలాంకోలియా (నల్లపిత్తం వలన కలిగే విషాద రోగం), ఉన్మాదం, ప్రేమరోగం మెదడు వ్యాధుల భాగంలోనే చేర్చబడ్డాయి. ప్రేమరోగి తన ప్రియుల పేరు చెప్పకపోతే వైద్యుడు నాడి పట్టుకొని పేర్లు, వీధులు ఒక్కొక్కటిగా పలకాలని, నాడి ఎక్కడ తడబడితే అక్కడ ఆగాలని అందులో ఉన్నది.

అబుల్ బరకాత్ బాగ్దాదీ (12వ శతాబ్దం) యూదునిగా జన్మించి వార్ధక్యంలో ఇస్లాం స్వీకరించిన వైద్యుడు. ఇబ్న్ సీనా చెప్పిన శక్తుల విభజనను ఇతడు ఒప్పుకోలేదు. చూచేది, జ్ఞాపకం ఉంచుకొనేది, ఆలోచించేది వేర్వేరు శక్తులు కావు, ఒకే ఆత్మ అని, ప్రతి మనిషికి తన్ను గురించి ఉండే ఎరుకే దీనికి సాక్ష్యమని ఇతని వాదన.

ఇబ్న్ రుష్ద్ (1126-1198) మానవులందరికీ ఉన్న గ్రహణశక్తి గల బుద్ధి ఒక్కటేనని అరిస్టాటిల్‌పై తన పెద్ద వ్యాఖ్యలో ప్రతిపాదించి ఐరోపాలో పెద్ద వివాదానికి కారకుడయ్యాడు. 17వ శతాబ్దపు పారశీక తత్వవేత్త ముల్లా సద్రా ఆత్మ శరీరంలోనే, శరీరంగానే మొదలై క్రమంగా శరీరాన్ని మించి ఎదుగుతుందని చెప్పాడు. ఆత్మ పైనుండి దిగివచ్చి శరీరంలో కూర్చున్న అతిథి కాదన్నమాట. శరీరానికి కలిగే కష్టం ఆత్మ చరిత్రలో భాగమే అవుతుంది కనుక నేటి చర్చకు ఈ సిద్ధాంతం అందరికంటే దగ్గరగా వస్తుంది.

బల్ఖీ: శరీరాలు, ఆత్మలు

అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో జన్మించాడు, అల్ కిందీ శిష్యుడు. భూగోళ శాస్త్రజ్ఞునిగా ప్రసిద్ధుడు. ఇతని 'మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' (శరీరాల, ఆత్మల పోషణ) అనే గ్రంథం చాలాకాలం ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా గ్రంథాలయ సేకరణలో వ్రాతప్రతిగా ఉండి, 1984లో ఫువాత్ సెజ్గిన్ ప్రచురించిన నకలు ప్రతితో వెలుగులోకి వచ్చింది. దీనిలో ఆత్మలకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ (1932-2021) ఆంగ్లంలోకి అనువదించగా 2013లో వెలువడింది.

వైద్యులు శరీరాన్ని గురించే వ్రాస్తున్నారు, ఆత్మ జబ్బులను పట్టించుకోవడం లేదు, నిజానికి మనిషికి శరీర బాధల కంటే ఆత్మ బాధలే తరచుగా వస్తాయి అని బల్ఖీ ఫిర్యాదు. మనిషి శరీరం, ఆత్మ రెండింటితో కూడినవాడు కనుక ఒకటి జబ్బు పడితే రెండవది కూడా కుంటుపడుతుందని అతడు వ్రాశాడు. ఆత్మ జబ్బులను కోపం, భయం, దుఃఖం, వస్వాస్ (పట్టి పీడించే ఆలోచనలు) అని నాలుగు విధాలుగా విభజించాడు.

దుఃఖం రెండు రకాలని అతడు చేసిన విభజన చాలా ముఖ్యమైనది. ఒకటి కారణం తెలిసిన దుఃఖం. ఆప్తులు పోవడం, ఆస్తి పోవడం వంటివి. దీనికి మంచిమాట, ఆలోచన మందు. రెండవది ఏ కారణమూ కనబడని దుఃఖం. ఇది రక్తంలోని దోషం వలన వస్తుందని, దీనికి శరీర చికిత్స కావాలని చెప్పాడు. రక్తదోషం అనే వివరణ నేడు నిలువదు. కాని "నీకేం తక్కువ, ఎందుకు ఏడుస్తున్నావు?" అని అడగకూడని దుఃఖం ఒకటి ఉన్నదని 10వ శతాబ్దంలోనే గుర్తించడం విశేషం.

భయపడేవారిని భయపడే వస్తువుకు కొద్దికొద్దిగా అలవాటు చేయమన్నాడు. వస్వాస్‌తో బాధపడేవారు ఒంటరిగా ఉండరాదని, ఏదో ఒక పనిలో, నలుగురిలో ఉండాలని సలహా ఇచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నవారు ఇంట్లో కొన్ని మందులు ముందుగానే ఉంచుకొన్నట్లు ప్రశాంతంగా ఉన్న రోజులలోనే కొన్ని మంచి ఆలోచనలను దాచి పెట్టుకొని ఆపదలో వాడుకోవాలన్నది అతని మరొక సలహా. రానియా అవ్వాద్, సారా అలీ 2015లో ప్రచురించిన ఒక వ్యాసంలో బల్ఖీ చెప్పిన వస్వాస్ లక్షణాలను నేటి అమెరికన్ మనోవైద్య వర్గీకరణ (డి.ఎస్.ఎం.-5) లోని ఓ.సి.డి. లక్షణాలతో పోల్చి, రెండింటికీ దగ్గరి పోలిక ఉన్నదని చూపారు. అయితే పాత గ్రంథాలలో నేటి రోగాల పేర్లన్నీ వెదకి పట్టుకోవడం ఒక సరదాగా మారరాదు. బల్ఖీకి మెదడు రసాయనాలు తెలియవు.

గజాలీ అస్వస్థత

ఆత్మను గురించి వ్రాసిన పండితుడే ఆత్మవేదనకు లోనైన సందర్భం ఇమామ్ గజాలీ జీవితంలో ఉన్నది. బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో (హైదరాబాదులోని జామియా నిజామియా వేరు) అతడు గొప్ప ఆచార్యునిగా వెలుగుతుండగా, 1095లో ఒక రోజు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. క్రమంగా అన్నం సహించలేదు, గుటక దిగలేదు. వైద్యులు పరీక్షించి, ఈ జబ్బు హృదయంలో మొదలై దేహ ప్రకృతిలోకి దిగినదని, మనసులోని చింత తొలగనిదే మందు పనిచేయదని చేతులెత్తేశారు. ఈ వివరాలన్నీ గజాలీ స్వయంగా 'అల్ ముంఖిజ్ మిన్ అద్దలాల్' అనే ఆత్మకథాత్మక గ్రంథంలో వ్రాశాడు. అతడు ఉద్యోగం వదలి, బాగ్దాదు వదలి, సంవత్సరాల తరబడి సిరియా, జెరూసలేం, మక్కాలలో గడిపాడు.

ఈ స్థితికి నేటి రోగనామం తగిలించడం సరికాదు. కాని రెండు విషయాలు స్పష్టం. ఇస్లాంలో 'హుజ్జతుల్ ఇస్లాం' (ఇస్లాం ప్రమాణం) అనే బిరుదు పొందిన వ్యక్తి తన మానసిక పతనాన్ని దాచుకోలేదు. రెండవది, అతని వద్దకు వైద్యులు వచ్చారు, వారిని ఎవరూ వద్దనలేదు. మనసు బాగాలేకపోవడం విశ్వాసహీనతకు గుర్తు అనేవారికి గజాలీ జీవితమే ఒక జవాబు.

హైదరాబాదులో ఈ గ్రంథాలు

ఆత్మ చర్చకు చెందిన అరబ్బీ గ్రంథాల చరిత్రలో హైదరాబాదుకు గల స్థానం తెలుగు పాఠకులలో చాలామందికి తెలియదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లో, ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, అన్వారుల్లా ఖాన్ ఫారూఖీల కృషితో 'దాయిరతుల్ మఆరిఫ్' అనే సంస్థ ఏర్పడింది. వ్రాతప్రతులుగా పడి ఉన్న పాత అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేయడం దీని పని. ఇది నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది.

ఇబ్న్ ఖయ్యిమ్ (1292-1350) వ్రాసిన 'కితాబుర్రూహ్' ఇక్కడ 20వ శతాబ్దపు తొలినాళ్ళలో అచ్చయినది. మరణానంతరం ఆత్మ స్థితిని గురించిన ప్రశ్నలు, జవాబులు ఇందులో ఉన్నాయి. ఫఖ్రుద్దీన్ రాజీ తత్వగ్రంథం 'అల్ మబాహిస్ అల్ మష్రిఖియ్యా' 1920లలో, పైన పేర్కొన్న అబుల్ బరకాత్ యొక్క 'కితాబుల్ ముఅతబర్' 1938-39లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. ఐరోపాలో అబుల్ బరకాత్ తత్వంపై జరిగిన పరిశోధనకు ఈ హైదరాబాదు ప్రతియే ఆధారమయింది. ఇబ్న్ రుష్ద్ యొక్క ఆత్మ గ్రంథ సంగ్రహం గల సంపుటం 1947లో వచ్చింది. అబూబక్ర్ రాజీ వైద్య విజ్ఞాన సర్వస్వం 'అల్ హావీ' 1955 నుండి ఇరవైకి పైగా సంపుటాలుగా ప్రచురించబడినది. అందులో మొదటి సంపుటమే తలకు సంబంధించిన వ్యాధులపై.

1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద విభాగం (దారుత్తర్జుమా) ముల్లా సద్రా యొక్క 'అస్ఫార్' గ్రంథ భాగాలను ఉర్దూలోకి తెచ్చింది. మనాజిర్ అహ్సన్ గీలానీ ఈ పనిలో ముఖ్యులు. ఉస్మానియా తత్వశాస్త్ర ఆచార్యులు మీర్ వలీయుద్దీన్ సూఫీ తత్వంపై ఆంగ్లంలోను ఉర్దూలోను వ్రాశారు.

విశ్వవిద్యాలయం నుండి అంబర్‌పేట మీదుగా మూసీ దాటితే మూసారాంబాగ్, ఆపై దిల్‌సుఖ్‌నగర్ వస్తాయి. ప్రపంచ పండితులు వెదకి తెప్పించుకొనే ఈ పుస్తకాలు ఇంత చేరువలో అచ్చయినా, వాటిలోని ఒక్క అధ్యాయమైనా పాఠ్యపుస్తకం ద్వారా ఇక్కడి విద్యార్థులకు చేరకపోవడం విచారకరం.

ధర్మశాస్త్రంలో మతిస్థిమితం

ఆత్మకు బాధ్యత ఉన్నదన్న సిద్ధాంతం నుండి ఒక ఆచరణాత్మక ప్రశ్న వస్తుంది. మతిస్థిమితం లేనివాని బాధ్యత ఎంత? నిద్రపోయేవాడు మేల్కొనే వరకు, బాలుడు ఎదిగే వరకు, మతి తప్పినవాడు కోలుకొనే వరకు వారి లెక్క వ్రాయబడదని ప్రవక్త చెప్పినట్లు హదీసు గలదు. దీని ఆధారంగా ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్రం) పండితులు అఖ్ల్ ఉన్నవారికే నమాజు, ఉపవాసం వంటి విధులు వర్తిస్తాయని నిర్ణయించారు. అనగా తీవ్ర మానసిక వ్యాధి వలన ప్రార్థన తప్పినవాడు పాపి కాడు. చికిత్స చేయించుకోవడం కూడా ధర్మసమ్మతమే. ప్రతి జబ్బుకు మందు ఉన్నదన్న హదీసును వైద్యులు వెయ్యేళ్ళుగా ఉదాహరిస్తున్నారు.

వస్వాస్ విషయంలో ఫిఖ్‌హ్ మరీ సూటిగా ఉన్నది. ఉజూ (నమాజుకు ముందు కాళ్ళు, చేతులు, ముఖం కడుగుకొనుట) సరిగా జరిగిందా లేదా అనే సందేహంతో పదేపదే కడుగుకొనేవారు ప్రతి తరంలోను ఉన్నారు. 'సందేహం వలన నిశ్చయం తొలగదు' అనేది ఫిఖ్‌హ్‌లో ఒక మూలసూత్రం. సందేహాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగమని దీని భావం. ఇబ్న్ ఖుదామా ఇటువంటివారిని మందలిస్తూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే వ్రాశాడు. నేటి ఓ.సి.డి. చికిత్సలో కూడా సందేహం వచ్చినపుడు మరల కడగకుండా ఆపుకోవడాన్ని అభ్యాసం చేయిస్తారు. తేడా ఏమనగా, ఓ.సి.డి. ఉన్నవారికి 'పట్టించుకోకు' అన్న మాట ఒక్కటే చాలదు. వారు పట్టించుకోకుండా ఉండలేకపోవడమే జబ్బు. క్రమమైన శిక్షణ, అవసరమైతే మందులు కావాలి. హిందూ కుటుంబాలలో మడి, శుభ్రత విషయంలో ఇదే లక్షణం కనబడితే 'చాదస్తం' అని నవ్వి వదిలేస్తారు. రెండు చోట్లా నష్టం ఒకటే, ఏళ్ళు గడిచిపోతాయి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంలో

విజయవాడ, నాగార్జునసాగర్ రహదారులు నగరంలో ప్రవేశించేది ఎల్.బి.నగర్ కూడలి వద్ద. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుండి చదువుల కొరకు వచ్చే యువతీయువకులు మొదట దిగేది ఈ ప్రాంతంలోనే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీధులలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు వరుసగా ఉంటాయి. ప్రక్కనే మలక్‌పేట, సైదాబాద్, సంతోష్‌నగర్‌లలో ముస్లిం జనాభా గణనీయంగా ఉన్నది. పోటీ పరీక్ష తప్పడం, ఇంటికి ముఖం చూపలేకపోవడం, నలుగురు ఉండే గదిలో ఒంటరితనం ఏ మతం వారికైనా ఒకటే.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట బాంబు పేలుళ్ళలో కనీసం 17 మంది మరణించారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఇటువంటి ఘటనల నుండి బయటపడినవారిలో కొందరికి శబ్దం వినగానే గుండె దడ, పీడకలలు, ఆ చోటికి వెళ్ళలేకపోవడం వంటి లక్షణాలు సంవత్సరాల తరబడి ఉంటాయి. దీనినే ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత (పి.టి.ఎస్.డి.) అంటారు. శరీర గాయాలకు వెంటనే కుట్లు పడతాయి, ఈ గాయానికి చాలామందికి చికిత్సయే అందదు.

మనసు బాగాలేనివారిని ముందుగా దర్గాకు తీసుకొని వెళ్ళడం, తావీజు (తాయెత్తు) కట్టించడం, ఖురాన్ చదివి ఊదించడం ఇక్కడ సాధారణం. పహాడీ షరీఫ్ దర్గాకు, కొత్తూరు వద్ద జహంగీర్ పీర్ దర్గాకు హిందువులు కూడా పెద్ద సంఖ్యలో వెళతారు. ఖురాన్‌లో జిన్నుల ప్రస్తావన ఉన్నది కనుక విశ్వాసులు జిన్నుల ఉనికిని ఒప్పుకొంటారు. అయితే జిన్నులు ఉన్నాయనడం వేరు, ఈ పిల్లవానికి పట్టినది జిన్నే అనడం వేరు. రెండవది రోగ నిర్ణయం. దానికి పరీక్ష కావాలి. 2022 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ (ఐ.సి.డి.-11) పూనకం వంటి స్థితిని కూడా రుగ్మతల జాబితాలో చేర్చింది. కాని ఒక మతాచారంలో భాగంగా, సమాజం అంగీకరించిన రీతిలో వచ్చే పూనకాన్ని రుగ్మతగా లెక్కించరాదని స్పష్టం చేసింది.

ప్రార్థన వలన కలిగే ఊరట నిజమైనదే. ప్రమాదం జాప్యంలో ఉన్నది. స్కిజోఫ్రెనియా వంటి వ్యాధులలో చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. మరొక ప్రమాదం నిర్బంధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది రోగులు సజీవ దహనమయ్యారు. దీనికి భిన్నమైన ఉదాహరణ గుజరాత్‌లోని ఉనావా గ్రామంలో మీరా దాతార్ దర్గా. అక్కడ 2008 నుండి 'దవా - దువా' (మందు - ప్రార్థన) పేరుతో దర్గా ముజావర్లే రోగులను అదే ఆవరణలోని మనోవైద్యుల వద్దకు పంపే పద్ధతి ఏర్పడింది.

హైదరాబాదులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎర్రగడ్డలో ఉన్నది. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అనేది నగరంలో ఒక వెక్కిరింత మాట. జబ్బు కంటే ఆ మాటకే భయపడి వెళ్ళనివారు ఎందరో. యునానీ వైద్యానికి చెందిన కేంద్ర పరిశోధన సంస్థ కూడా ఎర్రగడ్డలోనే ఉన్నది. యునానీ అనగా ఇబ్న్ సీనా, రాజీల వైద్యమే. ఆ విధంగా 'అల్ ఖానూన్' వారసులు, ఆధునిక మనోవైద్యులు ఒకే పేటలో పనిచేస్తున్నారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమైన తరువాత ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ల నుండి ఎర్రగడ్డకు రైలు మారకుండా వెళ్ళవచ్చును.

చట్టం

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. ఒక వ్యక్తి నడవడి తన సమాజపు మత విశ్వాసాలకు, నైతిక విలువలకు భిన్నంగా ఉన్నదన్న కారణంతో అతనిని మానసిక రోగిగా నిర్ణయించరాదని ఈ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతుంది. రోగులను గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షకు బదులు సంరక్షణ కల్పించాలని 115వ సెక్షన్ చెబుతుంది. భారతీయ శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు.

ఇస్లాంలో ఆత్మహత్య తీవ్రమైన నిషేధం. ఈ నిషేధం చాలామందిని కాపాడుతుంది. అదే నిషేధం వలన అటువంటి ఆలోచన వచ్చినవారు ఎవరితోను చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే అవకాశం కూడా ఉన్నది. ఆలోచన రావడం వేరు, చేయడం వేరు అని ఫిఖ్‌హ్ పండితులు స్పష్టంగా చెప్పారు. మనసులో మెదిలే మాటలకు, నోటితో పలకనంత వరకు, చేతితో చేయనంత వరకు లెక్క లేదని హదీసు ఉన్నది. కావున అటువంటి ఆలోచనను తల్లితోనో, ఉస్తాద్‌తోనో, వైద్యునితోనో చెప్పుకోవడం పాపం కాదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో తెలంగాణ గాని ఆంధ్ర ప్రదేశ్ గాని లేవు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన 'టెలి మానస్' సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. దీనికి రుసుము లేదు.